సూరత్ గుమ్మటాలు ఎవరివి?

సూరత్ అంటే మనవాళ్లకు చీరలు, వజ్రాలు, లింబాయత్, ఉధ్నా వైపు మరమగ్గాలు. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు ఇక్కడ ఎన్ని ఉన్నాయంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. అయినా ఊరి నుంచి చుట్టాలొస్తే చూపించడానికి డుమస్ బీచి తప్ప మరొకటి తోచదు చాలామందికి. తాపీ ఒడ్డున చౌక్ బజార్‌లోని కోట, మొగల్‌సరాయి, మీర్జా సామి మసీదు, కతార్‌గామ్ సమాధులు, నది దాటితే రాందేర్. గైడు వెంట ఉంటే ఇవన్నీ ఒక్క రోజులో చూసేయవచ్చు. గైడ్లు వీటన్నిటినీ కలిపి 'ఇస్లామీ కట్టడాలు' అంటారు. ఆ పేరు సగమే సరిపోతుందని నా వాదన. మొగలుల కాలపు సూరత్‌లో గుమ్మటం మతానికి ఎంత గుర్తో, హోదాకూ అంతే గుర్తు. దానికి సాక్ష్యం చెప్పేవాళ్లు ఎక్కువమంది క్రైస్తవులు.

ముందు కోట సంగతి. 1512లోనూ, మళ్లీ 1530లోనూ పోర్చుగీసులు ఈ రేవును తగలబెట్టారు. రెండోసారి రాందేర్‌నూ వదల్లేదు. అప్పుడు గుజరాత్ సుల్తాన్ మూడో మహమూద్ కోట కట్టమని ఖుదావంద్ ఖాన్‌ను పురమాయించాడు. 1546 నాటికి అది పూర్తయింది. నాలుగు మూలలా గుండ్రటి బురుజులు, రాళ్లను ఇనుప కడ్డీలతో బిగించి సందుల్లో కరిగిన సీసం పోసిన గోడలు. ఫిరంగి దెబ్బకు ఆగాలన్నదే అక్కడి లెక్క, అలంకారం జోలికి పెద్దగా పోలేదు. అదే ఖుదావంద్ ఖాన్ కట్టించిన మీర్జా సామి మసీదులో మాత్రం రాతి చెక్కడం చూపు తిప్పుకోనివ్వదు. కోట ఇప్పుడు మరమ్మతులయి మ్యూజియంగా ఉంది. ఇక మొగల్‌సరాయిని షాజహాన్ కాలంలో, 1644లో, హకీకత్ ఖాన్ కట్టించాడు. హజ్ యాత్రకు ఓడ ఎక్కేవాళ్లు దిగే సత్రం అది. అక్బర్ మేనత్త గుల్‌బదన్ బేగం మక్కాకు బయల్దేరింది కూడా ఈ రేవు నుంచే. సూరత్‌కు 'మక్కా గుమ్మం' అన్న పేరు ఊరికే రాలేదు.

ఇక్కడే ఒక అభ్యంతరం వస్తుంది. హజ్ సత్రం మతానిది కాక మరి దేనిది? నిజమే, కాదనను. కానీ ఆ రోజుల్లో హజ్ ఓడ అంటే సరకు ఓడ కూడా. 1695లో ఇంగ్లీషు సముద్రపు దొంగ హెన్రీ ఎవరీ కొల్లగొట్టిన గంజ్-ఇ-సవాయి ఔరంగజేబు ఓడ. ఎర్ర సముద్రపు మోఖా నుంచి సూరత్‌కు తిరిగొస్తున్న అందులో హాజీలూ ఉన్నారు, గుజరాత్ బట్టలమ్మి తెస్తున్న వెండి బంగారాలూ ఉన్నాయి. యాత్రనూ బేరాన్నీ విడదీసి చూసే అలవాటు మనది, వాళ్లది కాదు. సరాయి తర్వాతి చరిత్ర ఇంకా చిత్రం: కొన్నాళ్లు జైలు, 1867 నుంచి పురపాలక కార్యాలయం. అది వక్ఫ్ ఆస్తి అని 2021లో గుజరాత్ వక్ఫ్ బోర్డు ప్రకటిస్తే, 2024లో ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును కొట్టేసింది. జనం ఇప్పటికీ అక్కడ పన్నులు కడుతూనే ఉన్నారు.

నా వాదనకు అసలు ఆధారం కతార్‌గామ్‌లో ఉంది. అక్కడి ఇంగ్లీషు శ్మశానంలోకి అడుగుపెడితే, ఇబ్రహీంబాగ్‌లోని కుతుబ్‌షాహీ సమాధులు చూసిన హైదరాబాదీకి అదేదో నవాబుల ఖనన వాటిక అనిపిస్తుంది. తోరణాలు, స్తంభాలు, పైన గుమ్మటాలు. అన్నిటికన్నా పెద్దది ఆక్సెండెన్ సోదరులది. తమ్ముడు క్రిస్టఫర్ 1659లో పోయాడు. ఈస్టిండియా కంపెనీ సూరత్ అధ్యక్షుడు సర్ జార్జ్ 1669లో పోయాడు. 1664లో శివాజీ దండెత్తినప్పుడు కంపెనీ కోఠీని కాపాడింది ఈయనే. రెండంతస్తులు, నలభై అడుగుల ఎత్తు. అక్కడికి కాస్త దూరంలోనే డచ్చివాళ్ల శ్మశానం. 'హోర్టస్ మలబారికస్' పేరుతో కేరళ మొక్కల గ్రంథం వేయించిన వాన్ రీడ్ 1691 డిసెంబరులో చనిపోతే, ఎనిమిది పలకల మండపం మీద మండపం లేపి పైన గుమ్మటం పెట్టారు. ఇంగ్లీషువాళ్లకన్నా తామేం తీసిపోయామన్న పంతం ఆ రాళ్లలో కనిపిస్తుంది. మచిలీపట్నంలోని డచ్చి సమాధులు గుర్తున్నాయా? నేలకు పరిచిన నల్లరాతి పలకలు, వాటి మీద వంశచిహ్నాలు, అక్షరాలు. కంపెనీ అదే, శతాబ్దమూ అదే. సూరత్‌లో మాత్రం మొగలు అధికారి కళ్ల ముందు బేరాలాడాలి, ఊరి షావుకార్లతో సమానంగా నిలబడాలి. అక్కడ పెద్దమనిషి చస్తే గుమ్మటం లేవాలి. మరి లేపారు.

'స్థానిక మేస్త్రీలకు అదొక్కటే చేతనవును, అందుకే అలా కట్టారు' అనే వాళ్లున్నారు. మేస్త్రీల సంగతైతే హైదరాబాద్ చూడండి. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీకి పని 1803 ప్రాంతంలో మొదలైంది. డబ్బు నిజాముది, మేస్త్రీలు గుమ్మటాలూ మినార్లూ కట్టడంలో చేయి తిరిగిన ఊరివాళ్లు. అయినా లేచింది గ్రీకు ఆలయం లాంటి ముఖం, వరసగా నిలువెత్తు స్తంభాలు. దాన్ని కట్టించిన రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ స్వయంగా మొగలాయీ దుస్తుల్లో తిరిగినవాడు, ఖైరున్నీసాను పెళ్లాడినవాడు, ఇష్టం లేక కాదు. అప్పటికి ఎవరు ఎవరికి సలాము చేయాలో మారిపోయింది. సూరత్ కోట 1759లోనే కంపెనీ చేతికి వచ్చింది.

అహ్మదాబాదుతో, గోల్కొండతో పోలిస్తే సూరత్‌లో చూడ్డానికి ఏముంది అనేవారికి పూర్తిగా ఎదురు చెప్పలేను. 1837లో ఒకే ఏడాది అగ్నిప్రమాదం, వరద ఊరిని తుడిచిపెట్టాయి. వ్యాపారం అంతకుముందే బొంబాయికి తరలింది. మిగిలినవి ముక్కలే. కానీ ఆ ముక్కలు గోల్కొండ చెప్పలేనిది చెబుతాయి. అందుకే గైడ్లు పెట్టే వరసను మార్చమంటాను. కోటతో మొదలుపెడితే రాజుల కథగానే సాగుతుంది. పొద్దున్నే, ఎండ ముదరకముందే, కతార్‌గామ్ వెళ్లండి. తర్వాత సరాయి, మసీదు, కోట. సాయంత్రం రాందేర్, అక్కడి సందుల్లో బర్మా వ్యాపారం నుంచి వచ్చిన ఖావ్సా అనే వంటకం దొరుకుతుంది. మధ్యాహ్నం తిండి తగ్గించుకుని వెళ్లడం మంచిది.