చివరి పేజీ లేని సన్నీవేల్ నవల

అద్దె పుస్తకాల షాపులో నవలలు తెచ్చుకుని చదివిన తరం మాది. మధుబాబు గారి షాడో శత్రువుల స్థావరంలోకి దూకితే ఊపిరి బిగబట్టాం. ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తున్న రోజుల్లో చీకటి పడితే పెరట్లోకి వెళ్ళడానికి భయపడిన వాళ్ళం కూడా మేమే. కొంత గూఢచర్యం, కొంత ప్రేమ, కొంత భయం, అక్కడక్కడా మానవాతీత శక్తి ఉంటే చాలు, ఆ రాత్రికి నిద్ర ఉండేది కాదు. ఆ షాపు పుస్తకాలతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. నలుగురి చేతుల్లో నలిగి, ఒక్కోసారి చివరి పేజీ చిరిగిపోయి ఉండేది. అక్కడిదాకా చదివి, హంతకుడు ఎవరో తెలియక కొట్టుకుపోయేవాళ్ళం.

సన్నీవేల్లో స్థిరపడ్డాక అలాంటి నవలే ఒకటి నాకు మళ్ళీ ఎదురయింది. ఇది ఎవరూ కల్పించినది కాదు, చరిత్రలో జరిగింది. దీనికీ చివరి పేజీ లేదు.

ముందుగా ఊళ్ళో అందరికీ తెలిసిన దయ్యం కథ చెప్పాలి. ఎల్ కమినో రియల్ రోడ్డు మీద 2018 దాకా ‘టాయ్స్ ఆర్ అస్’ బొమ్మల దుకాణం ఉండేది. రాత్రిపూట బొమ్మలు వాటంతటవే అరల్లోంచి పడతాయనీ, ఎవరో పేరు పెట్టి పిలుస్తారనీ అక్కడి ఉద్యోగులు చెప్పుకునేవారు. ఆత్మలతో మాట్లాడతానని చెప్పే సిల్వియా బ్రౌన్ 1970ల చివర్లో అక్కడికి వచ్చి, ఆ దయ్యం పేరు జానీ జాన్సన్ అని ప్రకటించింది. అతను మర్ఫీ గారి పశువుల క్షేత్రంలో పనివాడట, యజమాని కూతురు ఎలిజబెత్‌ను మూగగా ప్రేమించాడట, 1884లో కట్టెలు కొడుతుండగా గొడ్డలి వేటు తగిలి నెత్తురు పోయి చనిపోయాడట. టీవీ వాళ్ళు కూడా వచ్చారు. మా పిల్లలు చిన్నప్పుడు ఆ దుకాణంలోకి వెళ్ళాలంటే నా చెయ్యి గట్టిగా పట్టుకునేవారు.

“నిజమేనా నాన్నా?” అని పెద్దవాడు అడిగాడు. జవాబు కోసం చరిత్ర పుస్తకాలు తిరగేశాను. మార్టిన్ మర్ఫీ కుటుంబం 1844లో బళ్ళతో సియెర్రా నెవాడా పర్వతాలు దాటి కాలిఫోర్నియాకు వచ్చింది. దారిలో మంచు ముంచుకొచ్చి, యూబా నది ఒడ్డున విడిది చేసినప్పుడు పుట్టిన పిల్లే ఎలిజబెత్. ఆ నది పేరు కూడా కలిపి ఎలిజబెత్ యూబా మర్ఫీ అని పిలిచారు. 1850లో మర్ఫీ ఇక్కడి భూమి కొన్నాడు. అంటే కథలో చెప్పిన 1884 నాటికి ఎలిజబెత్‌కు నలభై ఏళ్ళ లెక్క. అంతకు ఎంతో ముందే విలియం టాఫీతో ఆమె పెళ్ళయింది. నిక్షేపంలాంటి ప్రేమకథ తేదీల దగ్గరే బోల్తా పడింది. మంచు కొండల్లో పుట్టిన ఆ పసిగుడ్డు కథ ముందు ఆ దయ్యం కథ ఏపాటిది?

ఇక అసలు నవలకు వద్దాం. 101 హైవే మీద వెళ్ళేటప్పుడు బోర్లించిన పడవలా కనబడే పెద్ద కట్టడం మీరు చూసే ఉంటారు. అదే మోఫెట్ ఫీల్డ్‌లోని హ్యాంగర్ వన్. పొడవు 1,133 అడుగులు, ఎత్తు 198 అడుగులు. ఈ ప్రాంతపు ప్రజలు చందాలు పోగుచేసి సుమారు వెయ్యి ఎకరాలు కొని, 1931లో ఒక్క డాలరుకు ప్రభుత్వానికి అప్పగిస్తే నౌకాదళం ఇక్కడ స్థావరం కట్టింది. మొదట దాని పేరే సన్నీవేల్ నావల్ ఎయిర్ స్టేషన్. ఆ హ్యాంగర్ ‘మేకన్’ అనే 785 అడుగుల గాలి ఓడ కోసం కట్టింది. 1935 ఫిబ్రవరి 12న ఆ ఓడ పాయింట్ సర్ దగ్గర సముద్రంలో కూలింది. 83 మందిలో ఇద్దరు తప్ప అందరూ బతికారు.

తర్వాత యుద్ధం వచ్చింది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ దాడి జరిగిన కొద్ది రోజులకే జపాను జలాంతర్గాములు కాలిఫోర్నియా తీరంలో చమురు నౌకలను ముంచాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన సంగతి మనవాళ్ళకు తెలుసు. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పరుగెత్తిన ఆ కథలు విశాఖ కుటుంబాల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. సరిగ్గా అదే భయం ఆ ఏడాది ఈ తీరంలోనూ ఉండేది. సముద్రం మీద కాపలాకు మోఫెట్ ఫీల్డ్ కేంద్రంగా చిన్న గాలి ఓడల దళం ఏర్పడింది. హీలియం నింపిన ఈ గాలి ఓడలను బ్లింపులంటారు. వాటిలో ఒకటి ఎల్-8. డూలిటిల్ దళం టోక్యో మీద దాడికి బయల్దేరినప్పుడు, ఆ విమానాలకు కావలసిన విడిభాగాలను ‘హార్నెట్’ యుద్ధనౌక మీద దింపింది కూడా ఈ ఎల్-8 అనే చెబుతారు.

1942 ఆగస్టు 16, ఆదివారం. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ట్రెజర్ ఐలాండ్ నుంచి తెల్లవారి ఆరు దాటాక ఎల్-8 లేచింది. లోపల లెఫ్టినెంట్ ఎర్నెస్ట్ కోడీ, ఎన్‌సైన్ ఛార్లెస్ ఆడమ్స్. కోడీ వయసు 27. ఆడమ్స్‌కు గాలి ఓడల్లో ఏళ్ళ అనుభవం ఉన్నా, అధికారి హోదా అప్పుడే వచ్చింది. మూడో మనిషి కూడా ఎక్కవలసింది. బరువు ఎక్కువవుతోందని ఆఖరి నిమిషంలో అతన్ని దించేశారు. ఎనిమిది కాకముందే ఫారలాన్ దీవుల వైపు నీళ్ళ మీద చమురు మరక కనిపించిందనీ, పరిశీలిస్తున్నామనీ రేడియోలో కబురు వచ్చింది. జలాంతర్గామి కింద ఉంటే తేలే గుర్తు అది. దగ్గర్లోని చేపల పడవ, రవాణా నౌకలోని వాళ్ళు ఆ బ్లింపు చక్కర్లు కొట్టడం చూశారు. అందులోంచి మనుషులు పడడం మాత్రం ఎవరూ చూడలేదు. తర్వాత రేడియో మూగబోయింది.

పదకొండు దాటాక ఎల్-8 తీరానికి తిరిగొచ్చింది. గాలి తగ్గి, మధ్యలో నొక్కుకుపోయి, ఇళ్ళ కప్పులు రాసుకుంటూ డేలీ సిటీలోని ఒక వీధిలో వాలింది. జనం పరుగెత్తుకెళ్ళి చూస్తే లోపల మనిషి లేడు. తలుపు తెరిచి ఉంది. పారాచ్యూట్లు, రబ్బరు పడవ, రహస్య పత్రాల సంచి ఎక్కడివక్కడే ఉన్నాయి. రేడియో పనిచేస్తోంది. లేనివల్లా ఇద్దరు మనుషులు, వాళ్ళ ఒంటి మీది లైఫ్ జాకెట్లు. నిబంధన ప్రకారం వాటిని ఎప్పుడూ తొడుక్కునే ఉండాలి గనుక అందులో వింతేమీ లేదు.

ఎన్ని రోజులు గాలించినా శవాలు దొరకలేదు. విచారణ సంఘానికి కారణం తేలలేదు. ఒకరు జారి వేళ్ళాడుతుంటే రెండో అతను పట్టుకోబోయి ఇద్దరూ పడిపోయి ఉంటారన్నది ఎక్కువమంది నమ్మే మాట. శత్రువులు ఎత్తుకుపోయారని కొందరు, వేరే లోకాల వాళ్ళని మరికొందరు కథలల్లారు. ఆనాటి నుంచి దాని పేరే ‘దయ్యపు బ్లింపు’. ఏడాది తర్వాత ఇద్దరూ చనిపోయినట్లు ప్రకటించారు.

ఈ కథలో ప్రేమ ఎక్కడుందని అడుగుతారేమో. కోడీకి భార్య ఉంది. ఆ ఏడాది పొడుగునా ఆమె భార్యో వితంతువో చెప్పగలిగినవారు లేరు. శవం లేదు, కర్మకాండ లేదు, కారణం లేదు. బ్లింపు ఇంటికి వచ్చింది, మనిషి రాలేదు. ఆ ఎదురుచూపు కంటే పెద్ద ప్రేమకథ ఏ నవలలో ఉంటుంది?

ఎల్-8 గది మాత్రం బతికింది. మరమ్మతు చేసి మళ్ళీ వాడారు. యుద్ధం తర్వాత గుడ్‌ఇయర్ కంపెనీ వెనక్కి తీసుకుని ‘అమెరికా’ అనే తన బ్లింపుకు దాన్నే అమర్చింది. 1982 దాకా ఆటల పోటీల మీద తిరిగిన ఆ బ్లింపును టీవీలో చూసి చప్పట్లు కొట్టిన లక్షలమందికి ఆ తలుపు కథ తెలియదు. ఆ గది ఇప్పుడు ఫ్లోరిడాలోని పెన్సకోలాలో, నౌకాదళ విమానాల ప్రదర్శనశాలలో ఉంది.

మా పెద్దవాడు ఈ కథ విని, “మరి ఏం జరిగింది నాన్నా?” అన్నాడు. తెలియదన్నాను. వాడికి అది నచ్చలేదు. నాకూ కుర్రతనంలో చిరిగిన పేజీ నచ్చేది కాదు. కానీ ఖాళీగా ఉన్న చోట దయ్యాన్ని నిలబెడితే ఆ ఇద్దరూ మరోసారి మాయమవుతారు, దయ్యమే మిగులుతుంది. బొమ్మల దుకాణం విషయంలో జరిగింది అదే. అందరికీ జానీ తెలుసు, యూబా ఒడ్డున పుట్టిన ఎలిజబెత్ ఎవరికీ గుర్తు లేదు.

మనమూ ఈ ఊరికి దూరం నుంచి వచ్చి, ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని పెంచాం. మన కథలనూ రేపు ఎవరో చెబుతారు. తేదీలతో, పేర్లతో, తెలిసినంతవరకే మనమే రాసి పెట్టకపోతే, తెలియని చోట వాళ్ళు ఏం రాస్తారో ఊహించుకోండి. ఈసారి 101 మీద హ్యాంగర్ వన్ పక్కనుంచి వెళ్ళేటప్పుడు కారులో పిల్లలుంటే ఎల్-8 కథ చెప్పండి. చివర్లో “ఏం జరిగింది?” అని అడిగితే, తెలియదని చెప్పడానికి మొహమాటపడకండి.