వెల్లింగ్టన్ గుర్రం: కార్టూన్లు దించలేకపోయాయి, ట్రాఫిక్ దించింది

ఈరోజు ఒక గుర్రం కథ చెప్తాను. కంచు గుర్రం. పైన కూర్చున్న మనిషితో కలిపి బరువు 40 టన్నులు, ఎత్తు దాదాపు 30 అడుగులు. అంటే మూడంతస్తుల బిల్డింగ్ అంత.

ఆ మనిషి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్. 1815లో వాటర్లూలో నెపోలియన్‌ని ఓడించిన కమాండర్. అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ. మనకి మరీ పరాయివాడేం కాదులెండి, 1799లో శ్రీరంగపట్నం మీదకి టిప్పు సుల్తాన్‌తో యుద్ధానికి వెళ్ళినప్పుడు హైదరాబాద్ నిజాం సైన్యంతో పాటు నడిచింది ఈయనే.

1846కి వద్దాం. ఆయనకి 77 ఏళ్ళు, ఇంకా బతికే ఉన్నాడు. లండన్ హైడ్ పార్క్ కార్నర్‌లో, సరిగ్గా ఆయన ఇంటి ఎదురుగా ఒక ఆర్చ్ ఉంది. డెసిమస్ బర్టన్ కట్టాడు. మాథ్యూ కోట్స్ వయట్ అనే శిల్పి చేసిన ఈ విగ్రహాన్ని తీసుకెళ్ళి దాని నెత్తిన పెట్టారు. బర్టన్ ముందునుంచీ వద్దంటూనే ఉన్నాడు. పాపం, ఆర్చ్ చూస్తే చిన్నది, గుర్రం చూస్తే కొండంత. చిన్న స్టూల్ మీద ఏనుగుని ఎక్కించినట్టు ఉందన్నమాట. ఇంకో తమాషా ఏంటంటే, వాటర్లూలో ఆయన ఎక్కిన గుర్రం కోపెన్‌హేగన్ 1836లోనే చచ్చిపోయింది. అందుకని శిల్పి వేరే గుర్రాన్ని చూసి చేశాడు.

ఇక 'పంచ్' పత్రికకి పండగే. 1841లో మొదలైన వీక్లీ ఇది. నవ్వించే బొమ్మని మనం ఇప్పుడు 'కార్టూన్' అంటున్నామే, ఆ అర్థం 1843లో ఈ పత్రిక వల్లే వాడుకలోకి వచ్చింది. డ్యూక్ గారి పెద్ద ముక్కు కార్టూనిస్టులకి ఎప్పటినుంచో ఇష్టమైన సరుకు. ఇప్పుడు దానికి గుర్రం, టోపీ, ఆర్చ్ తోడయ్యాయి. బొమ్మల మీద బొమ్మలు వేశారు. ఇప్పటి మీమ్ పేజీలకి ఏమాత్రం తక్కువ కాదు.

నిజానికి ప్రభుత్వం పర్మిషన్ ఇచ్చింది ట్రయల్‌కే. బాగోకపోతే దించేయాలి. విక్టోరియా రాణికీ నచ్చలేదు. మరి దించొచ్చు కదా? ట్రయల్ అని ప్రొడక్షన్‌లో పెట్టింది వెనక్కి తీయడం ఎంత కష్టమో సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడగండి! డ్యూక్ బయటికి నాకేం పట్టదన్నట్టే ఉన్నాడు. కానీ దించితే రాణి గారికి తన మీద కోపం వచ్చిందని లోకం అనుకుంటుందని ప్రధాని రస్సెల్‌కి తెలియజేశాడు. అప్పటికి ఆయన బ్రిటిష్ సైన్యానికి కమాండర్ ఇన్ చీఫ్. ఆయన్ని అవమానించే ధైర్యం ఎవరికుంది? రాణి వెనక్కి తగ్గింది.

మొదట నాకూ ఈ కథ నవ్వులాటగానే అనిపించింది. కానీ రోజూ కిటికీలోంచి తన విగ్రహాన్నీ, దాన్ని చూసి నవ్వే జనాన్నీ చూస్తూ కూర్చున్న ఆ ముసలాయన్ని తలుచుకుంటే కొంచెం జాలేసింది. ఆయన 1852లో పోయాడు. విగ్రహం మాత్రం ఇంకో 30 ఏళ్ళు అక్కడే ఉంది.

చివరికి దించింది ట్రాఫిక్. రోడ్డు ఇరుకైపోయిందని 1883లో ఆర్చ్‌ని విప్పి పక్కకి జరిపారు. గుర్రాన్ని మళ్ళీ పైకి ఎక్కించలేదు. 1885లో ఆల్డర్‌షాట్ సైనిక పట్టణానికి పంపేశారు, ఇప్పటికీ అక్కడే ఉంది.

అన్నట్టు, గ్లాస్గోలో వెల్లింగ్టన్ గుర్రపు విగ్రహం ఇంకొకటుంది, 1844 నాటిది. దాని తల మీద జనం రోడ్డు మీద పెట్టే ట్రాఫిక్ కోన్ పెడుతుంటారు. తీసేస్తే మళ్ళీ పెడతారు. 2013లో కౌన్సిల్ వాళ్ళు ఎవరూ ఎక్కకుండా దిమ్మె ఎత్తు పెంచుదాం అన్నారు. ఆన్‌లైన్‌లో గోల గోల అయ్యేసరికి ఆ ప్లాన్ మానుకున్నారు. కోన్ ఫొటో స్క్రీన్ మీద పెడుతున్నా, చూడండి.