బస్తర్‌లో పాడ్‌కాస్ట్: మిస్డ్ కాల్‌తో మొదలైన గోండి మాటామంతీ

పాడ్‌కాస్ట్ అనగానే స్టూడియో, మంచి మైకు, ఇద్దరు మనుషులు, గంటసేపు సంభాషణ గుర్తొస్తాయి. వినేవాళ్ల చేతిలో స్మార్ట్‌ఫోన్, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉంటాయి. సమాజం, ఆరోగ్యం, కళలు, వ్యక్తిత్వ వికాసం లాంటి అంశాలపై ఇప్పుడు తెలుగులోనూ ఇలాంటి కార్యక్రమాలకు కొదవ లేదు. ఇంటర్నెట్ సరిగా అందని, చదువు వచ్చినవాళ్లు తక్కువగా ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల్లో మాత్రం ఇవే అంశాల మీద మాటామంతీ వేరే దారిలో మొదలైంది. ఆ దారి పేరు సీజీనెట్ స్వర. దానికి కావలసింది బటన్ ఫోన్, ఒక మిస్డ్ కాల్.

2010 ఫిబ్రవరిలో మొదలైన ఈ ప్రయోగం దేశంలో గ్రామీణ ఆడియో మాధ్యమాల గురించి జరిగే చర్చల్లో ప్రస్తావనకు వస్తోంది. గోండి, కోయ మాట్లాడే ప్రజలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనూ ఉన్నారు కాబట్టి దీని నుంచి తెలుగు రాష్ట్రాలు తెలుసుకోవలసిందీ ఉంది.

బస్తర్ ఎక్కడ, ఎవరి భాష ఏది?

ఒకప్పుడు బస్తర్ అంతా ఒకే జిల్లా. విస్తీర్ణంలో కేరళ రాష్ట్రం కన్నా కాస్త పెద్దది. ఇప్పుడది కాంకేర్, కొండగావ్, నారాయణపూర్, బస్తర్, దంతేవాడ, సుక్మా, బీజాపూర్ అనే ఏడు జిల్లాలు. బీజాపూర్, సుక్మా జిల్లాల దక్షిణపు అంచులు తెలుగు రాష్ట్రాల సరిహద్దులే. భద్రాచలం, చింతూరు, వెంకటాపురం సంతలకు అటువైపు నుంచి జనం రావడం ఎప్పటి నుంచో ఉంది.

ఇక్కడ గోండిలో అనేక రూపాలు వినిపిస్తాయి. హల్బీ వేర్వేరు తెగల మధ్య ఉమ్మడి భాషగా నడుస్తుంది. దోర్లీ, ధుర్వా, భత్రీ కూడా ఉన్నాయి. గోండి తెలుగుకు దగ్గరి చుట్టం. భాషా శాస్త్రవేత్తలు రెండింటినీ దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేరుస్తారు. రండ్, మూండ్, నాలూంగ్ అనే గోండి అంకెలు తెలుగువాళ్లకు అనువాదం లేకుండానే అర్థమవుతాయి.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. అయినా అది ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. 2003లో 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ, బోడో భాషలకు ఆ చోటు దక్కింది. గోండికి దక్కలేదు. గోండి మాట్లాడేవారు మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా, కర్ణాటకల్లో చెదిరిపోయి ఉండటంతో ఏ రాష్ట్రంలోనూ వారిది పెద్ద గొంతు కాలేదు. ఒక్కో రాష్ట్రంలో ఆ భాషలో ఒక్కో పెద్ద భాష మాటలు కలిశాయి. చదువు సంగతి చూస్తే, అదే జనాభా లెక్కల్లో బీజాపూర్ జిల్లా అక్షరాస్యత 41 శాతం దగ్గరే ఉంది. పేపరు చదవలేని, టీవీ భాష అర్థం కాని జనానికి సమాచారం చేరాలన్నా, వాళ్ల మాట బయటకు రావాలన్నా గొంతే ఆధారం.

సీజీనెట్ స్వర ఎలా పనిచేస్తుంది?

దీన్ని మొదలుపెట్టినది బీబీసీలో ప్రొడ్యూసర్‌గా పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాకు చెందిన బిల్ థీస్ సాంకేతిక సహకారం అందించారు. నైట్ ఇంటర్నేషనల్ జర్నలిజం ఫెలోషిప్ తొలి ఆసరా అయింది.

పద్ధతి సులువు. ఒక నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే సర్వర్ నుంచి తిరిగి ఫోన్ వస్తుంది. కాబట్టి ఊరివాళ్లకు ఖర్చు లేదు. సందేశం రికార్డు చేయాలంటే 1, ఇతరులు చెప్పినవి వినాలంటే 2 నొక్కాలి. రికార్డయిన ప్రతి సందేశాన్నీ మోడరేటర్లు వింటారు. మాట స్పష్టంగా ఉందా, చెప్పింది నిజమేనా అని ఆరా తీస్తారు. ఆ తర్వాతే అది ఫోన్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ వినిపిస్తుంది.

వచ్చే సందేశాలు స్థూలంగా మూడు రకాలు.

మొదటిది ఊరి సమస్య. ఉపాధి హామీ కూలి అందలేదు, చేతిపంపు పాడైంది, బడికి టీచర్ రావడం లేదు, అటవీ హక్కుల పట్టా ఇవ్వలేదు లాంటివి. చాలా సందేశాల చివర సంబంధిత అధికారి ఫోన్ నంబరు ఉంటుంది. విన్నవాళ్లు ఆ అధికారికి ఫోన్ చేయాలని కోరతారు. రాయ్‌పూర్‌లోనో ఢిల్లీలోనో ఉన్నవారు ఫోన్ చేస్తే, ఊరివాళ్ల అర్జీకి కదలని ఫైలు కదిలిన సందర్భాలున్నాయి. పని జరిగాక అదే మనిషి మళ్లీ ఫోన్ చేసి ఆ సంగతి రికార్డు చేస్తారు.

రెండోది పాటలు, కథలు, సామెతలు, పండుగ విశేషాలు. బయటివాళ్లు ఈ వేదికను ఫిర్యాదుల పెట్టెగా చూశారు. వాడేవాళ్లకు మాత్రం అది పాటల పెట్టె కూడా. తమ భాషలో తమ ఊరి మనిషి పాడిన పాట ఫోన్‌లో వినడం కోసమే కాల్ చేసేవారు ఎందరో.

మూడోది ఆరోగ్యం. స్వాస్థ్య స్వర పేరుతో నాటు వైద్యులు మూలికల గురించి, చిట్కాల గురించి చెప్పడానికి విడిగా ఒక సేవ నడిచింది.

లైసెన్సు అడ్డంకిని దాటిన దారి

ఫోన్‌నే ఎందుకు ఎంచుకున్నారన్న ప్రశ్నకు జవాబు దేశంలోని రేడియో నిబంధనల్లో ఉంది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు కలిగింది. కానీ సొంతంగా వార్తలు ప్రసారం చేసే హక్కు ప్రైవేటు ఎఫ్ఎంలకు గానీ కమ్యూనిటీ రేడియోలకు గానీ లేదు. రేడియో వార్తలు ఆకాశవాణి చేతిలోనే ఉన్నాయి. జగదల్‌పూర్ ఆకాశవాణి కేంద్రం 1977 నుంచి పనిచేస్తోంది. అయితే రేడియోలో మాట ఒకవైపే ప్రయాణిస్తుంది. వినేవాడు తిరిగి మాట్లాడలేడు. ఫోన్ కాల్‌కు ప్రసార లైసెన్సు అవసరం లేదు, అందులో వినేవాడే మాట్లాడేవాడు కూడా.

తెలుగు నేల మీద దీనికి ముందే ఒక ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. దాన్ని నడిపినవారు దళిత మహిళలు. లైసెన్సు రావడానికి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలంలో వాళ్లు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు. చిరుధాన్యాలు, విత్తనాలు, ఆరోగ్యం, పండుగ పాటలు అన్నీ అందులో ఉండేవి.

సంతలో చేతులు మారే రేడియో

బస్తర్‌లో చాలా ఊళ్లకు ఫోన్ సిగ్నల్ కూడా ఉండేది కాదు. సిగ్నల్ లేని చోట మిస్డ్ కాల్ ఎలా ఇస్తారు? దీనికి జవాబుగా వచ్చిందే బుల్టూ రేడియో. బ్లూటూత్‌ను ఊరివాళ్లు బుల్టూ అని పలకడం వల్ల ఆ పేరు పెట్టారు. పాటల కోసం, సినిమాల కోసం మెమరీ కార్డు ఉన్న ఫోన్లను సిగ్నల్ లేని ఊళ్లలోనూ వాడేవారు. ఎంపిక చేసిన సందేశాలను ఒక కార్యక్రమంగా కూర్చి, ఇంటర్నెట్ ఉన్న చోట దింపుకొని, వారపు సంతలో ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు బ్లూటూత్‌లో పంపుతారు. సంతకు వచ్చినవాళ్లు ఉప్పు, నూనెతో పాటు ఆ వారం మాటలనూ ఊరికి తీసుకెళ్తారు. మాచనూరు క్యాసెట్లు చేసిన పనే ఇక్కడ మెమరీ కార్డు చేసింది. వీలున్నప్పుడు వినేలా ఫైలు రూపంలో కార్యక్రమం అందించడమే పాడ్‌కాస్ట్ అనుకుంటే, బుల్టూ రేడియో నిఖార్సైన పాడ్‌కాస్టే.

తర్వాతి మెట్టు ఆదివాసీ రేడియో యాప్. రాసిన గోండి వార్తను యంత్రం చదివి వినిపించేలా దీన్ని తయారుచేశారు. దీనికి ముందు ఒక చిక్కు తీరాల్సి వచ్చింది. ఏ గోండిని ప్రమాణంగా తీసుకోవాలి? ఏడు రాష్ట్రాల గోండి మాట్లాడేవారు కొన్నేళ్ల పాటు వర్క్‌షాపుల్లో కూర్చొని, హంపీలోని కన్నడ విశ్వవిద్యాలయం ఆసరాతో సుమారు 3,000 మాటల ఉమ్మడి నిఘంటువు సిద్ధం చేశారు. అది 2018లో వెలువడింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దక్కిందీ అదే ఏడాది.

మాట ఆగిపోతే ఏమవుతుంది?

ఈ ప్రయోగం వెనక ఒక రాజకీయ వాదన ఉంది. ఆదివాసీలు చెప్పేది వినే వ్యవస్థ లేకపోవడం మావోయిస్టు ఉద్యమం వేళ్లూనుకోవడానికి ఒక ముఖ్య కారణమని చౌదరి వాదన. అధికారి హిందీ మాట్లాడతాడు, ఊరు గోండి మాట్లాడుతుంది. మధ్యలో దుబాసీ లేడు. మావోయిస్టు అగ్రనేతల్లో చాలామంది తెలుగువాళ్లయినా, వాళ్లు గోండి నేర్చుకొని ఊళ్లలో మాట్లాడారు. ఈ తేడా చిన్నది కాదు.

2005లో మొదలైన సల్వాజుడుం కాలంలో వేలాది మంది ఇళ్లు వదిలి గోదావరి ఇవతలికి వచ్చారు. తెలుగు రాష్ట్రాల్లో వాళ్లను గుత్తికోయలంటున్నారు. సల్వాజుడుం తరహా సాయుధ దళాలు చట్టవిరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2018 అక్టోబరులో చింతూరు దగ్గరి చట్టి నుంచి జగదల్‌పూర్ దాకా జరిగిన శాంతి పాదయాత్ర కూడా చౌదరి చొరవతో నడిచినదే. సీజీనెట్ స్వర కృషికి 2014లో ఆయనకు ఇండెక్స్ ఆన్ సెన్సార్‌షిప్ సంస్థ డిజిటల్ యాక్టివిజం అవార్డు ఇచ్చింది. ఆ ఏడాది అదే విభాగంలో ఎడ్వర్డ్ స్నోడెన్ కూడా పోటీలో ఉన్నారు.

బస్తర్‌లో మాట్లాడటానికి మూల్యం ఎక్కువ. బీజాపూర్ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ బస్తర్ జంక్షన్ అనే యూట్యూబ్ ఛానెల్ నడిపారు. 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చెరలో ఉన్న సీఆర్‌పీఎఫ్ జవాను విడుదలకు జరిగిన ప్రయత్నాల్లో ఆయన పాత్ర ఉంది. రోడ్డు పనుల్లో అవినీతిపై వార్త వచ్చిన కొద్ది రోజులకే, 2025 జనవరి 1న ఆయన కనిపించకుండా పోయారు. జనవరి 3న ఒక కాంట్రాక్టర్‌కు చెందిన ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో మృతదేహం దొరికింది. ప్రధాన నిందితుడిగా పేర్కొన్న కాంట్రాక్టర్‌ను పోలీసులు హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. గుర్తింపు ఉన్న పాత్రికేయుడి పరిస్థితే ఇదైతే, పేరు, ఊరు చెప్పి సందేశం రికార్డు చేసే మామూలు మనిషికి రక్షణ ఏమిటన్నది పెద్ద ప్రశ్న.

పరిమితులు ఏమిటి?

మొదటిది డబ్బు. ఊరివాళ్లకు కాల్ ఉచితమంటే ఆ ఖర్చు మరొకరు భరిస్తున్నట్టే. ప్రకటనలు రాని భాషలో, కొనుగోలు శక్తి లేని శ్రోతల కోసం నడిచే వేదికకు ఫెలోషిప్పులు, గ్రాంట్లే దిక్కు. గ్రాంటు గడువు తీరితే మోడరేటర్ జీతం ఆగుతుంది.

రెండోది నిజానిజాల తనిఖీ. కూలి అందలేదన్న ఫిర్యాదును ఫోన్ చేసి నిర్ధారించుకోవచ్చు. ఒక వేరు జ్వరం తగ్గిస్తుందన్న మాటను అలా నిర్ధారించలేం. బస్తర్‌లో మలేరియా పెద్ద ముప్పు. జ్వరం కనిపించని వారి ఒంట్లోనూ ఆ పరాన్నజీవి ఉండవచ్చు. అందుకే 2020లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేశారు. జ్వరం లేకపోయినా పరీక్ష ఎందుకో గోండిలో, హల్బీలో నమ్మకం కలిగేలా చెప్పగల గొంతు అక్కడ మందుతో సమానం. అదే గొంతు తప్పు చెబితే జరిగే నష్టమూ అంతే.

మూడోది ఎవరి గొంతు అన్నది. ఫోన్ ఎవరి చేతిలో ఉంటే మాట వారిదే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ మగవాళ్ల చేతిలో ఉన్న చోట ఆడవాళ్ల మాట వెనకబడుతుంది.

ఇప్పుడు ఏం మారుతోంది?

2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని అంతం చేస్తామని కేంద్రం గడువు పెట్టి ఆపరేషన్లు ముమ్మరం చేసింది. 2025 మే 21న నారాయణపూర్ అడవుల్లో మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లాకు చెందిన నంబాల కేశవరావు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. మరోవైపు రోడ్లు, సెల్ టవర్లు లోపలి ఊళ్లకు చేరుతున్నాయి. సిగ్నల్ వచ్చిన చోట యువత చేతికి మొదట అందేది హిందీ, తెలుగు రీల్సే. గోండిలో వినడానికి ఏముందన్నది ఇప్పుడు ముందున్న ప్రశ్న. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ప్రయోగాత్మకంగా తెచ్చిన ఆది వాణి అనువాద యాప్‌లో గోండి కూడా ఉంది. ప్రభుత్వ ప్రకటనను గోండిలోకి మార్చడానికి అది పనికొస్తుంది. గోండిలో చెప్పిన ఫిర్యాదును కలెక్టర్ దాకా చేర్చి, జవాబు రాబట్టే పనిని యాప్ ఒక్కటే చేయలేదు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ఐటీడీఏ ప్రాంతాలకూ ఇది వర్తిస్తుంది. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, చింతూరు పరిధిలో గోండి, కోయ మాట్లాడే కుటుంబాలు పింఛను నుంచి పోడు పట్టా దాకా ప్రతి పనికీ తెలుగులో రాసిన దరఖాస్తు మీదే ఆధారపడాలి. అర్జీని వాళ్ల భాషలోనే గొంతుతో తీసుకొని, విని, జవాబిచ్చే ఏర్పాటుకు కావలసిన సాంకేతికత 2010 నాటికే సిద్ధంగా ఉంది. అవతలి వైపు ఫోన్ ఎత్తి, ఆ భాష అర్థం చేసుకునే ఉద్యోగిని కూర్చోబెట్టడమే మిగిలి ఉంది.