కోపం నరం

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఎవరితోనైనా మాటల్లేకుండా ఉంటే, ముందురోజు శనివారం పొద్దు వాలేసరికి మా అమ్మ ఇంట్లో నిలవలేకపోయేది. కడప జిల్లాలో మా లింగాల చుట్టుపక్కల పల్లెల్లో తగాదాలు చాలావరకు నీళ్ల దగ్గరే మొదలవుతాయి. చీనీ తోటకు బోరు ఒక్కటే. వంతులు ఇద్దరివి. కరెంటు వచ్చేది ఏ రాత్రి రెండింటికో. ఒక ఏడాది ఆ వంతు మాట మీదనే అమ్మకూ, వీధికి అటువైపు ఇంట్లో ఉండే మా అత్తకూ నాలుగు నెలలు మాటల్లేవు. నేను ఐదో తరగతిలో ఉన్నాను. ఆ శనివారం అమ్మ నా చెయ్యి పట్టుకుని వీధి దాటింది. అత్త చేటతో శెనక్కాయలు చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"వదినా, రేపు బల్ల ఉండాది. నీతో మాట్లాడకుండా నేనెట్ల చెయ్యి చాపేది?" అంది అమ్మ.

అత్త ఇంకో నాలుగు సార్లు చెరిగింది. పొట్టు నా మొహం మీద పడింది. తర్వాత కాలితో పీటను ఇటు తోసి, "కూర్చో. కాళ్లు నొయ్యవా?" అంది.

దీన్ని మా సంఘంలో 'సమాధానపడడం' అంటారు. బయట తెలుగులో సమాధానం అంటే అడిగినదానికి ఇచ్చే జవాబు. చర్చి తెలుగులో అదే మాటకు శాంతి అని అర్థం. రెండు అర్థాలూ ఒకే మాటలో ఇమిడిపోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం. మనిషి మీద వచ్చిన కోపానికి జవాబు ఆ మనిషి గడప దగ్గరే దొరుకుతుంది, ఒంటరిగా కూర్చుని కళ్లు మూసుకుంటే దొరకదు అని ఆ మాట చెబుతున్నట్టు ఉంటుంది. క్రైస్తవం కోపం గురించి రెండువేల ఏళ్లుగా ఆలోచించిన దారిని వెతుక్కుంటూ వెళ్తే అమ్మ వీధి దాటిన ఆ పది అడుగులే నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యాయి.

మొదలు యేసు కొండమీది ప్రసంగంలో ఉంది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, తోటివాడికి నీ మీద మనసులో ఏదైనా ఉందని గుర్తొస్తే, ఆ అర్పణ అక్కడే వదిలి ముందు అతని దగ్గరికి వెళ్లమన్నాడు ఆయన. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోపం ఎవరిదైనా, లేచి నడవాల్సింది గుర్తొచ్చినవాడే. ఎఫెసు సంఘానికి రాసిన పత్రికలో పౌలు దీనికి గడువు కూడా పెట్టాడు. పొద్దు గూకేలోగా కోపం దిగిపోవాలన్నాడు. యాకోబు పత్రిక మాట్లాడడానికీ కోపించడానికీ నిదానించమంటుంది, వినడానికి మాత్రం తొందరపడమంటుంది. కోపమే రాకూడదని ఈ ముగ్గురిలో ఎవరూ అనలేదు.

నాలుగో శతాబ్దంలో కొందరు లోకాన్ని వదిలి ఈజిప్టు ఎడారుల్లోకి వెళ్లారు. ఊరు లేదు, చుట్టాలు లేరు, పొలం గట్టు లేదు. అక్కడైతే కోపం చచ్చిపోవాలి కదా! ఎవాగ్రియస్ అనే సన్యాసి మనసును పట్టి కుదిపే ఎనిమిది తలపులను లెక్కగట్టాడు. వాటిలో కోపం ఒకటి. తర్వాత ఆరో శతాబ్దం చివర పోపు గ్రెగొరీ చేతిలో ఈ లెక్కే ఏడు ఘోరపాపాల జాబితాగా మారింది. నాకు ఆ జాబితాల కంటే ఎవాగ్రియస్ దారిలో నడిచిన జాన్ కాసియన్ ఎక్కువ దగ్గరగా అనిపిస్తాడు. సుమారు 420లో రాసిన పుస్తకంలో ఆయన తన గుట్టు తానే విప్పుకున్నాడు. ఎడారిలో ఒంటరిగా ఉన్నప్పుడు రెల్లు కలం మరీ లావుగానో సన్నగానో ఉందని కోపం వచ్చేదట. చాకు మొద్దుబారి తెగకపోతే కోపం. చెకుముకి రాయి వెంటనే నిప్పు రాల్చకపోతే కోపం. తిట్టడానికి మనిషి దొరక్క వస్తువులను శపించేవాడు. మనుషుల నుంచి పారిపోతే కోపం పోదు, మనుషుల మధ్య బతికితేనే దాని మందు దొరుకుతుంది అని ఆయన తేల్చాడు.

ఆ మందు ఎలా ఇచ్చేవారో కూడా అదే పుస్తకంలో ఉంది. తూర్పుదేశాల మఠాల్లో వంటపని, వడ్డన వారానికి ఒకరి వంతు. ఆదివారం రాత్రి భోజనంతో వారం పూర్తయ్యాక, పడుకోబోయే ముందు కీర్తనలు పాడడానికి అందరూ చేరినప్పుడు, వంతు దిగిపోయేవాళ్లు మిగతా అందరి కాళ్లూ కడిగేవాళ్లు. వారమంతా ఉప్పు తక్కువైందని, రొట్టె మాడిందని సణిగినవాడి కాళ్లు కూడా ఆ చేతుల్లోకి రావాల్సిందే. ప్రభువు చివరి రాత్రి శిష్యుల కాళ్లు కడిగాడన్న జ్ఞాపకం ఇక్కడ నోటిమాటగా మిగల్లేదు, వారవారం నీళ్లూ తువ్వాలూ పట్టుకుని చేసే పని అయింది. కోపాన్ని అణచుకోవడం, పరులకు సేవ చేయడం రెండు వేర్వేరు పాఠాలని మనం అనుకుంటాం. వాళ్లకు అది ఒకే పాఠం.

కాసియన్ కంటే ముందే కోపాన్నీ సేవనూ ఇలా కలిపి చూసినవాడు కైసరియ బిషప్పు బసిలు. ఇప్పటి టర్కీలోని కైసెరి ఆయన ఊరు. కోపిష్టులను ఉద్దేశించి ఆయన చేసిన ప్రసంగం ఒకటి మిగిలింది. అందులో కోపాన్ని ఆయన ఎంతో కఠినంగా ఖండించాడు. మనిషిని మృగం చేస్తుందన్నాడు. ఆ తర్వాత మాత్రం ఎవరూ ఊహించని మాట అన్నాడు. కోపం ఆత్మకు నరం లాంటిదట. మంచిపని మొదలుపెట్టడానికి కావాల్సిన బిగువు దాని నుంచే వస్తుందట. సేనాపతి ముందు ఆయుధం పెట్టి, ఆజ్ఞ ఇచ్చినప్పుడు మాత్రమే అందుకునే సైనికుడిలా అది ఉండాలట. ఇవి ఉత్త మాటలు కావు. 368 ప్రాంతంలో కప్పదొకియలో కరువు వచ్చినప్పుడు, ధాన్యం దాచుకున్న శ్రీమంతుల మీద ఆయన నిప్పులు కురిపించాడు. అదే ఊపులో ఊరి బయట బీదలకు, రోగులకు, కుష్ఠువ్యాధిగ్రస్తులకు పెద్ద ఆశ్రయం కట్టించాడు. చరిత్రలో మొదటి ఆసుపత్రుల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. కోపం మీద ప్రసంగం రాసిన చెయ్యే ఆ గోడలు లేపించింది. ఆ మనిషిలో నరం తెగలేదు. బరువు మోసింది.

తెలుగునేల మీదికి ఈ ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది. మద్రాసులో ఉన్న జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1720ల్లోనే కొత్త నిబంధనను తెలుగు చేశాడు, అది అచ్చు కాలేదు. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు 1805 నుంచి పనిచేశారు. వాళ్లలో ప్రిచెట్ చేసిన తెలుగు కొత్త నిబంధన 1818లో వెలువడింది. ఆ తర్వాత ఎన్నోసార్లు సవరించిన తెలుగు బైబిలులో కొన్ని మాటలు కుదురుకున్నాయి. అవి ఇప్పటికీ మా ఊళ్లో బడికి వెళ్లని ముసలమ్మ నోట కూడా పలుకుతాయి. దేవుడి కోపానికి 'ఉగ్రత'. ఓర్చుకోవడానికి 'దీర్ఘశాంతం'. మెత్తని మనసుకు 'సాత్వికం'. సేవకు 'పరిచర్య'. ఈ మాటలు బయటినుంచి ఊడిపడలేదు. కోపం వల్ల మనిషి గొప్పతనం తరిగిపోతుందని వేమన అప్పటికే చెప్పి ఉన్నాడు. కోపమే శత్రువన్న సుమతీ శతక పద్యం పిల్లలకు కంఠతా వచ్చు. మిషనరీ మాట పడింది ఖాళీ నేల మీద కాదు, దున్ని ఉన్న చేలో.

ఆ వేమనను 1829లో అచ్చు వేయించిన సి.పి. బ్రౌన్ మొదట ఉద్యోగానికి వచ్చింది కడపకే, 1820లో. రెండేళ్లకు, 1822లో, లండన్ మిషన్ కూడా కడపకు వచ్చింది. ఎలాంటి కడపకు వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించేనాటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు, వాళ్లకు వేల సంఖ్యలో ఆయుధాలు పట్టిన బంట్లు. కంపెనీ అధికారిగా వచ్చిన థామస్ మన్రో ముందు వాళ్లను అణచాల్సి వచ్చింది. పాలెగాళ్లు పోయారు. కొండపక్క ఊళ్లలో కక్ష అనే మాట మాత్రం పోలేదు. తర్వాతి కాలంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు పేపర్లో వచ్చినప్పుడల్లా పక్కన వేటకొడవలి, నాటుబాంబు కూడా వచ్చేవి. ఈ నేలకు రోషం ఎక్కువ అని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. నీళ్లు తక్కువ, భూమి తగాదా ఎక్కువ, న్యాయం దూరం. ఆ మూడూ ఉన్నచోట ఏ మనుషులైనా అంతే.

1876లో మొదలైన ధాత కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. అనాథలైన పిల్లలను మిషన్లు చేరదీశాయి. క్రైస్తవం కడప జిల్లాలో ఎక్కువగా వేళ్లూనుకున్నది మాలపల్లెల్లో. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులకు, పేరుపెట్టి పిలిచే సంఘం దొరికింది. 1890ల్లో జమ్మలమడుగులో లండన్ మిషన్ ఆసుపత్రి మొదలైంది. దాన్ని నిలబెట్టిన థామస్ విన్సెంట్ కాంప్‌బెల్ ఐర్లండ్ మనిషి. 1863లో పుట్టాడు. తీరిక దొరికితే పురుగులు, కీటకాలు సేకరించేవాడు. కొన్ని జాతులకు శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. పెన్నా ఒడ్డున ఎండలో ఆసుపత్రి నడిపిన మనిషికే క్షయ సోకింది. ఆ తర్వాత మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసం శానిటోరియం పుట్టడంలో ఆయన చెయ్యి ఉంది. తన ఊపిరితిత్తుల బాధను పదిమంది బాధగా చూసిన మనిషి. జమ్మలమడుగు ఆసుపత్రి ఇప్పటికీ కాంప్‌బెల్ పేరుతోనే ఉంది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ సంఘానిదైంది.

ఆసుపత్రి వార్డు గురించి ఒక మాట చెప్పాలి. మంచానికీ మంచానికీ మధ్య మూరెడు చోటు. ఇటువైపు పడుకున్నవాడి కులం, అటువైపు పడుకున్నవాడి పార్టీ నర్సమ్మ అడగదు. సూది ఇద్దరికీ ఒకేలా గుచ్చుకుంటుంది. కక్షల సీమలో ఇలాంటి గది ఒకటి ఉండడమే వంద ప్రసంగాల పెట్టు అని నేను నమ్ముతాను.

అయితే సేవ కూడా ఒక్కోసారి గాయం చేస్తుంది. పైనుంచి కిందికి చేసే సేవ అలాంటిది. దీన్ని అందరి ముందూ చెప్పినవాడు అజరయ్య. 1912లో దోర్నకల్‌కు బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడింబరోలో ప్రపంచ మిషనరీ సభలో లేచి నిలబడి, మిషనరీలు ఈ దేశం కోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, ఇక స్నేహం కూడా ఇవ్వండి అన్న అర్థం వచ్చేలా అడిగాడు. సభలో చాలామందికి అది నచ్చలేదు. అందులో కోపం ఉంది. దాని వెనక ఎన్నాళ్ల అవమానమో ఉంది. గొంతు మాత్రం పెరగలేదు. బసిలు చెప్పిన సైనికుడు అంటే ఇదేనేమో అనిపిస్తుంది నాకు.

జాషువా కూడా ఆ వరుసలోవాడే. వినుకొండలో 1895లో పుట్టి, క్రైస్తవుడని ఒకచోట, అంటరానివాడని ఒకచోట తోసివేతకు గురైన ఆ కవి 1941లో 'గబ్బిలం'లో తన మొర శివుడికి పంపాడు. ఆ కోపం పద్యమై తరాలను నిలబెట్టింది. 1985 జూలై 17న కారంచేడులో దళితుల మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయినప్పుడు, మిగిలినవాళ్లు చీరాలకు పరుగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే పెద్ద ఉద్యమం లేచింది. సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. అక్కడి తల్లుల ముందు నిలబడి, కోపం పాపమమ్మా, అణచుకోండి అని చెప్పే బోధకుడు వాక్యాన్ని సగమే చదివినట్టు. సమాధానపడమని బలహీనుడికి మాత్రమే చెప్పి, బలవంతుడిని ఇంట్లో కూర్చోనిచ్చే రాజీలు మా వైపు చర్చిల్లోనూ చూశాను. యేసు మాటలో అర్పణ వదిలి లేవాల్సింది తప్పు చేసినవాడు కూడా. ఆ సంగతి మన ప్రసంగాల్లో ఇంకా గట్టిగా వినపడాలి.

ఇక మా పులివెందుల నియోజకవర్గం మాట. డాక్టరు చదువు పూర్తిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదట కొంతకాలం పనిచేసింది జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలోనే. 1973లో పులివెందులలో తండ్రి పేరుమీద ఆసుపత్రి పెట్టారు. ఆ తండ్రి రాజారెడ్డి 1998లో బాంబుదాడిలో చనిపోయారు. 2003 ఏప్రిల్‌లో చేవెళ్ల నుంచి బయల్దేరి ఇచ్ఛాపురం దాకా రాజశేఖరరెడ్డి మండుటెండలో నడిచారు. ఆ పాదయాత్ర తర్వాత తనలో కోపం నరం తెగిపోయిందని ఆయన చెప్పుకున్న మాట మా ఊళ్లో ముసలివాళ్లకు ఇంకా గుర్తు. రాజకీయాలు ఎవరివి వాళ్లకు ఉంటాయి, వాటి జోలికి నేను వెళ్లను. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. పదహారు వందల ఏళ్ల కిందట కప్పదొకియలో ఒక బిషప్పు వాడిన మాటా నరమే, పులివెందుల మనిషి నోట వచ్చిందీ నరమే. తేడా అల్లా, ఒకరు దాన్ని ఉంచుకోమన్నారు, ఇంకొకరు తెగిందన్నారు. నడకలో ఎదురైన ఎండిన చేలు, అప్పుల రైతులు, మందులకు డబ్బుల్లేని ఇళ్లు కలిసి ఆ నరాన్ని తెంపాయో, దానికి వేరే బరువు అప్పగించాయో చెప్పడం కష్టం. నా మనసు రెండోదాని వైపే మొగ్గుతుంది.

ఇప్పుడు లింగాల మారింది. చిత్రావతి నీళ్లు వచ్చాక చీనీ పక్కన అరటి తోటలు లేచాయి. బోరు వంతు తగాదాలు తగ్గి, గట్టు తగాదాలు మిగిలాయి. పెద్ద మందిరాలతోపాటు రేకుల షెడ్లలో కొత్త ప్రార్థనా మందిరాలు వచ్చాయి. మొదటి ఆదివారం బల్ల మాత్రం అలాగే ఉంది.

కొన్నేళ్ల కిందట అత్తకు తుంటి ఎముక విరిగింది. కొడుకులు దూరాన ఉన్నారు. పదకొండు రోజులు ఆసుపత్రిలో అమ్మే ఉంది. నేను వెళ్లిన రోజు శనివారం, పొద్దు వాలుతోంది. అమ్మ ప్లాస్టిక్ మగ్గులో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, మంచం చివర కూర్చుని, అత్త కాళ్లు ఒళ్లో పెట్టుకుంది. పాదాల పగుళ్లలో ఇంకా తోట మన్ను ఉంది. దాన్ని బొటనవేలితో మెల్లగా తీస్తోంది.

"రేపు బల్ల గదా, పొద్దున్నే బస్సుకు పో" అంది అత్త.

"నీళ్లు చల్లగైపోతాండాయి, రెండో కాలు ఇట్ల పెట్టు" అంది అమ్మ.