డెబ్బై రెండు గంటల మాత్ర

మన అమ్మల కాలంలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. దేశంలో ఈ కార్యక్రమం 1952లో మొదలైంది. 1965లో లూపు, 1968లో నిరోధ్ వచ్చాయి. ఎన్ని వచ్చినా, 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు! ఆ ఆపరేషన్ ఎప్పుడన్నది కూడా అత్తగారో, మొగుడో తేల్చేవారు.

అత్యవసర మాత్ర అలా కాదు. 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో ఇస్తున్నారు. 2011లో ఆశా కార్యకర్తలు ఇంటికి తెచ్చిచ్చే పథకం పెట్టినప్పుడు దీని ధర రెండు రూపాయలు. కానీ సంగతి తెలియాలి కదా. మన అత్తిలి సంఘాల మీటింగుల్లో వడ్డీ లెక్క గట్టిగా అడుగుతాం, ఈ మాట వస్తే తల దించుకుంటాం.

నిరోధ్ చినిగినా, రోజువారీ మాత్రలు మరిచినా, బలవంతం జరిగినా 72 గంటల్లోపు వేసుకోవాలి. ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. ఇది కడుపు తీసే మాత్ర కాదు, అప్పటికే నిలిచిన గర్భాన్ని ఏమీ చెయ్యదు. ఎయిడ్స్‌ను ఆపదు. ఎప్పుడూ వాడుకునేదీ కాదు. నెలసరి వారం దాటినా రాకపోతే ఏఎన్ఎం దగ్గర పరీక్ష చేయించుకోవాలి.