కాలం దాటిన ప్రణయం: ప్రాచీన యుగ నవలలు - కృష్ణా డెల్టా పాఠకుల తీర్పు

వ్యాససంగ్రహం

వర్తమానం నుంచి ప్రాచీన యుగానికి వెళ్ళి, అక్కడి మనిషిని ప్రేమించే కథకు ఐరోపా సాహిత్యం ఈజిప్టును ఇష్టమైన రంగస్థలంగా ఎంచుకుంది. తెలుగులో ఆ స్థానం ధాన్యకటకానికి, విజయపురికి, విజయనగరానికి దక్కింది. బెజవాడ, బందరు, తెనాలి ప్రాంతాల పాఠకలోకం ఇటువంటి రచనలను ఏ కొలతతో ఆదరించిందో, ఏ కొలతతో ప్రశ్నించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పాఠకలోకానికి ప్రయాణసాధనం మీద పట్టింపు లేదు. ఆ గతం ఎవరిది, అందులో ఎవరు ఎవరిని ప్రేమించవచ్చు అన్న ప్రశ్నలే తీర్పును నిర్ణయించాయన్నది ఇక్కడి ప్రతిపాదన.

కీలకపదాలు: చారిత్రక నవల, కాలయాత్ర, ధాన్యకటకం, అడివి బాపిరాజు, విశ్వనాథ సత్యనారాయణ, పాఠక ప్రతిస్పందన, పునర్జన్మ.

1. రాకుమారి వయస్సు

1822లో షాంపోలియన్ ఈజిప్టు చిత్రలిపి రహస్యాన్ని విప్పాడు. తరువాత రెండు దశాబ్దాలు గడవకముందే, 1840లో, ఫ్రెంచి రచయిత థియోఫిల్ గోతియే ‘మమ్మీ పాదం’ అనే కథ రాశాడు. పారిస్‌లో ఒక యువకుడు పాత వస్తువుల దుకాణంలో ఒక మమ్మీ పాదాన్ని కొంటాడు. కాగితాలు ఎగిరిపోకుండా దాన్ని బరువుగా పెట్టుకుంటాడు. రాత్రి ఆ పాదం యజమానురాలైన రాకుమారి వస్తుంది. అతడు పాదం తిరిగి ఇచ్చివేస్తాడు. ఆమె వెంట ఫారోల లోకానికి వెళ్ళి, ప్రతిఫలంగా ఆమె చేయి అడుగుతాడు. తండ్రి కాదంటాడు. ఆయన చూపిన అభ్యంతరం విచిత్రమైనది: వరుడికి 27 ఏళ్ళు, వధువుకు ముప్పై శతాబ్దాలు. కులం, మతం, దేశం ఏవీ అడ్డు రాలేదు. వయోభేదం ఒక్కటే అడ్డు వచ్చింది.

ఆ తరువాత 1887లో రైడర్ హాగర్డ్ రాసిన ‘షీ’ నవలలో అయేషా రెండు వేల ఏళ్ళు ప్రియుడి కోసం ఎదురుచూస్తుంది. అతడు మరో జన్మలో తిరిగి వస్తాడు. జపానులో 1976లో మొదలైన చియెకో హోసోకావా బొమ్మల నవలలో ఈజిప్టు చరిత్ర చదువుకునే అమెరికా బాలిక ఫారోల కాలంలోకి జారిపడి, అక్కడి యువ ఫారోను ప్రేమిస్తుంది. ఆమెకున్న ఆధునిక జ్ఞానమే అక్కడి వారి కంటికి దివ్యశక్తి అవుతుంది. ఈ మూడింటిలోనూ ఈజిప్టు రచయితలకు గాని, వారి తొలి పాఠకులకు గాని సొంత గడ్డ కాదు. అక్కడి దేవతలను, రాజులను రచయిత ఎలా చిత్రించినా పారిస్ పాఠకుడి ఇంటిగౌరవానికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ స్వేచ్ఛ కృష్ణా డెల్టాలో ధాన్యకటకం గురించి రాసే తెలుగు రచయితకు లేదు.

ఈజిప్టుకూ ఈ డెల్టాకూ పాత పరిచయమే ఉంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఈజిప్టు రేవుల నుంచి వ్యాపారం చేసిన ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ మసాలియా తీరంలో నేసే సన్నని వస్త్రాలను పేర్కొంటుంది. 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు టోలెమీ కృష్ణానదిని ‘మైసోలస్’ అన్నాడు. అతడు చెప్పిన ‘కొంటకోస్సిల’ రేవు నేటి ఘంటసాల అని పండితులు గుర్తించారు. నాగార్జునకొండ శాసనంలో అదే ఊరు ‘కంటకసేల’గా కనిపిస్తుంది. ఇంత ఉన్నా తెలుగు ప్రణయ నవల నైలునది వైపు వెళ్ళలేదు. వెళ్ళవలసిన అవసరం కలగలేదనడం సబబు. శిథిలమై, మట్టిలో కూరుకుపోయి, తన సంపదను పరదేశానికి పోగొట్టుకున్న సొంత ఈజిప్టు దానికి గుంటూరు సీమలోనే ఉంది.

1797లో కాలిన్ మెకంజీ అమరావతి దిబ్బను చూసేనాటికే అక్కడి రాతిపలకలను ఇళ్ళకూ గుళ్ళకూ తరలించుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరి, వాటిలో పెద్ద భాగం లండన్‌కు వెళ్ళింది. నేటికీ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరోవంక, 1930 ప్రాంతంలో నిజాం కుటుంబం ద్వారా ఒక ఈజిప్టు మమ్మీ హైదరాబాదు చేరి, పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో నిలిచింది. అమరావతి శిల్పాన్ని చూడాలంటే లండన్ వెళ్ళాలి, ఈజిప్టు శవపేటికను చూడాలంటే హైదరాబాదు చాలు. డెల్టా పాఠకుడు చారిత్రక నవలను చేతిలోకి తీసుకున్న కాలపు వాస్తవస్థితి ఇది.

2. శిల్పి కథానాయకుడైన నవల

అడివి బాపిరాజు (1895-1952) బందరులో ప్రమోదకుమార ఛటర్జీ వద్ద చిత్రకళ నేర్చినవాడు. తరువాత అదే ఊళ్ళోని ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షుడైనవాడు. శాతవాహనుల ధాన్యకటకాన్ని రంగంగా చేసుకొని ఆయన రాసిన ‘హిమబిందు’లో నాయిక గొప్ప వర్తకుడైన చారుగుప్తుని కుమార్తె. ఆమెను మహారాణిగా చూడాలని తండ్రి ఆశ. ఆమె మనసు మాత్రం శిల్పి సువర్ణశ్రీపై నిలుస్తుంది. వైదికాభిమానంతో బౌద్ధాన్ని ద్వేషించే స్థౌలతిష్యుడు రాజవంశ నాశనానికి ఒక విషకన్యను పెంచుతాడు. శాతవాహన యువరాజు ఆమెనే ప్రేమిస్తాడు.

కథానాయకుడు శిల్పి కావడం యాదృచ్ఛికం కాదు. శిల్పాలు వెళ్ళిపోయిన ఊరికి నవలాకారుడు శిల్పిని తిరిగి పంపించాడు. పాఠకులు బాపిరాజును ఆదరించిన కారణాలలో ఇది ముఖ్యమైనది. వర్ణనలు మితిమీరాయని, పాత్రలన్నీ ఒకే ఉదాత్తతతో మాట్లాడతాయని వచ్చే ఆక్షేపణలో నిజం లేకపోలేదు. హిమబిందు ఆభరణాల వర్ణన పేజీలకొద్దీ సాగేచోట ఓపిక తగ్గుతుంది. కానీ చిత్రకారుడి కన్ను లేకపోతే ఆ నగరం పాఠకుడి ముందు నిలిచేదే కాదు. ‘అడివి శాంతిశ్రీ’ విషయంలో ఆయన చేసిన పని ఇంకా సాహసమైనది. ఇక్ష్వాకు రాజు శాంతమూలుని కుమార్తె పేరు నాగార్జునకొండ శాసనంలో ‘అడవి చాతిసిరి’గా ఉంది. ఆమె ఎవరికి భార్య అయిందో శాసనం చెబుతుంది, ఎవరిని ప్రేమించిందో చెప్పదు. ఆ ఖాళీలో బాపిరాజు నవలను కట్టాడు. తరువాతి కాలంలో ఆ విజయపురి లోయ నాగార్జునసాగర్ నీటిలో మునిగింది. ఆ నవల చదివిన డెల్టా రైతుకు పొలం తడిపే నీరూ ఆ జలాశయం నుంచే వచ్చింది.

3. ఒకే బీరువాలో రెండు కాలగణనలు

విశ్వనాథ సత్యనారాయణ (1895-1976) విజయవాడ ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాలలో సుదీర్ఘకాలం అధ్యాపకుడు. ‘భగవంతుని మీది పగ’తో మొదలయ్యే ఆయన పురాణవైర గ్రంథమాలలో పన్నెండు నవలలున్నాయి. వాటికి కాలక్రమం బెజవాడ పండితుడు కోట వెంకటాచలం ప్రతిపాదించిన పౌరాణిక గణన. దాని ప్రకారం భారత యుద్ధం క్రీ.పూ. 3138లో జరిగింది. మౌర్య చంద్రగుప్తుడు క్రీ.పూ. 1534 నాటివాడు. అలెగ్జాండరు దండయాత్రకు సమకాలికుడు గుప్త చంద్రగుప్తుడు. శాతవాహనులు క్రీ.పూ. 833 నుంచి 327 వరకు పాలించారు. నేటి చరిత్రకారులలో ఎక్కువమంది శాతవాహన రాజ్యాన్ని క్రీ.పూ. 1వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం తొలిభాగం దాకా ఉంచుతారు.

దీని ఫలితం పాఠకుడి వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. ఒకే గ్రంథాలయంలో, ఒకే బీరువాలో బాపిరాజూ విశ్వనాథా పక్కపక్కన ఉన్నారు. ఒక నవల మూసి రెండోది తెరిస్తే ప్రాచీన భారతం మొత్తం శతాబ్దాల కొద్దీ వెనక్కి జరుగుతుంది. ఏ యంత్రమూ లేకుండా జరిగే కాలయాత్ర ఇదే. విశ్వనాథ అభిమానికి ఈ గణన పరపాలకులు రాసిన చరిత్రకు సమాధానం. చరిత్ర చదువుకున్న పాఠకుడికి ఇది ఆధారాలతో పొసగని పట్టుదల.

ఈ తగవులో ఈజిప్టు సాక్ష్యం చెప్పగలదు. టోలెమీ తన భూగోళ గ్రంథంలో పైఠాన్‌ను ‘సిరో పోలెమయోస్’ రాజధాని అన్నాడు. ఆ రాజు శాతవాహన పులుమావి అని పండితులు గుర్తించారు. శాతవాహనులు క్రీ.పూ. 327లోనే ముగిసి ఉంటే, క్రీ.శ. 2వ శతాబ్దపు అలెగ్జాండ్రియా పండితుడు వారి రాజును సమకాలికుడిగా ఎలా పేర్కొంటాడు? కోట వెంకటాచలం కాలక్రమానికి ఇది తేలికగా దాటలేని అడ్డంకి. అయితే నవలగా పురాణవైర గ్రంథమాల విలువ ఈ ఒక్క దెబ్బతో పోదు. విశ్వనాథ ప్రాచీనులను ప్రాచీనులుగానే ఆలోచింపజేస్తాడు. వారి ధర్మచింతనకు ఆధునికుడి మెప్పు అక్కరలేదు. బాపిరాజు ప్రేమికులు 1930లలోని విద్యావంతులకు దగ్గరి బంధువులు. విశ్వనాథ పాత్రలు అలా కావు. తేదీలలో ఓడినవాడు మనస్తత్వ చిత్రణలో గెలిచాడు.

ఆయనే ప్రయాణాన్ని తలకిందులు చేసి ‘విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు’ రాశాడు. అందులో పంచతంత్రకర్త విష్ణుశర్మ, తిక్కన సోమయాజి ఆధునికుడి కలలోకి వచ్చి ఇంగ్లీషు నేర్పమంటారు. పురాణవైర గ్రంథమాలను మోయలేని పాఠకుడు కూడా దీన్ని నవ్వుతూ చదువుతాడు. వర్తమానం ప్రాచీనుల ముందు పరీక్షకు కూర్చోవడం అందులోని హాస్యానికి మూలం.

4. నిలదీసే పాఠకులు

డెల్టాలో చదువరితనానికి బలమైన పునాది గ్రంథాలయోద్యమం. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం చొరవతో కొల్లిపర, పెదవడ్లపూడిల మధ్య కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పుస్తకం కాలువగట్టు దాకా వచ్చినప్పుడు పండితులతో పాటు కొత్త పాఠకులూ తయారయ్యారు. వారికి గతం మీద అడగవలసిన ప్రశ్నలున్నాయి.

ఆ ప్రశ్నలకు అంగలూరులో పుట్టి తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి గొంతునిచ్చాడు. ‘శంబుకవధ’ నాటకంలో ఆయన రామరాజ్యంలోకి వెళ్ళింది ప్రేమించడానికి కాదు, న్యాయవాదిగా విచారించడానికి. కృష్ణా జిల్లావాడైన నార్ల వేంకటేశ్వరరావు, విజయవాడ నుంచి వెలువడిన ‘ఆంధ్రజ్యోతి’కి సంపాదకత్వం వహించిన తరువాత, ‘సీతజోస్యం’లో (1979) అదే పని చేశాడు. అరణ్యవాసుల పక్షాన సీత చేత రాముడిని ప్రశ్నింపజేశాడు. వీరిద్దరినీ ఇక్కడ పాఠకులుగా చూడాలి. పాత గ్రంథం మీద తమ అభిప్రాయాన్ని మరో గ్రంథంగా రాసిన పాఠకులు వారు.

అందువల్ల ఈ ప్రాంతంలో ప్రాచీన ప్రణయగాథకు రెండు రకాల చదువరులు ఏర్పడ్డారు. ఒకరు గతంలోకి అతిథిగా వెళతారు, మరొకరు విచారణాధికారిగా వెళతారు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకే మనిషిలో ఉండడం మరో విశేషం. హిమబిందు కోసం కన్నీరు పెట్టిన చదువరే, ఆ నగరంలో రాళ్ళు మోసిన కూలీల ఊసు నవలలో ఎంత ఉందని అడగగలడు. బాపిరాజు నవలకు ఈ ప్రశ్న న్యాయమైనదే. శిల్పికి దక్కిన గౌరవం అక్కడ రాయి మోసినవాడి దాకా వెళ్ళలేదు.

5. యంత్రమూ ఆత్మా

తెలుగువారి ముందుకు కాలయంత్రం పెద్ద ఎత్తున వచ్చింది 1991లో, సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’తో. సంభాషణలు రాసిన జంధ్యాల విజయవాడలో చదువుకున్నవాడు. వెల్స్ నవల ‘టైమ్ మెషీన్’ స్ఫూర్తి ఉన్నా, యంత్రం వెళ్ళింది 1526 నాటి కృష్ణదేవరాయల సభకు. కృష్ణా డెల్టా వారికి రాయలు పరాయివాడు కాదు. కళింగ దండయాత్ర దారిలో కృష్ణాతీరాన శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించాడని చెప్పుకున్న రాజు ఆయన. ఈ చిత్రంలో ప్రతినాయకుడు మ్యూజియంల నుంచి పురావస్తువులను దొంగిలించేవాడు. అమరావతి రాళ్ళ కథ తెలిసిన ప్రాంతంలో ఈ పాత్రకు వేరే పరిచయం అక్కరలేదు.

గమనించవలసింది మరొకటి ఉంది. ఆ యంత్రం ఎక్కిన ప్రేమజంట ఇద్దరూ ఆధునికులే. వారు వెళ్ళినట్టే తిరిగి వస్తారు. గోతియే యువకుడిలా ప్రాచీన రాకుమారి చేయి అడిగే ఘట్టం లేదు. యుగాలు దాటిన ప్రేమను తెలుగు కథ యంత్రానికి అప్పగించలేదు, ఆత్మకు అప్పగించింది. ఆదుర్తి సుబ్బారావు ‘మూగమనసులు’లో (1964) పడవవాడు గోపి, జమీందారు ఇంటి ఆడపడుచు రాధ ఒక జన్మలో కలవలేక మరు జన్మలో దంపతులవుతారు. ‘మగధీర’ (2009) అదే మార్గంలో నాలుగు వందల ఏళ్ళను దాటింది.

పునర్జన్మ ఈ కథలకు ఒక చిక్కును తీసివేస్తుంది. ప్రేమికులిద్దరూ కలిసి మళ్ళీ పుడతారు గనుక, ఫారో చూపిన వయోభేదం ఇక్కడ అసలు తలెత్తదు. కానీ ‘మూగమనసులు’లో తొలి జన్మ ఎందుకు విఫలమైందని చూస్తే అడ్డు నిలిచినవి కులం, అంతస్తు, వైధవ్యం. చారుగుప్తుడు శిల్పిని అల్లుడిగా ఊహించలేకపోవడానికి కారణం కూడా ఆ జాతికి చెందినదే. ముప్పై శతాబ్దాల దూరాన్ని ఒక్క ఊహతో దాటగలిగిన తెలుగు కథ, గోదావరి ఒడ్డున పడవకూ మేడకూ మధ్య ఉన్న దూరాన్ని దాటడానికి రెండు జన్మలు తీసుకుంది.