రాధికాసాంత్వనము: ఒక ప్రేమకావ్యపు కథ

ఈ సంచికకు సాహిత్యచరిత్రను గూర్చి వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను గ్రామలెక్కలు వ్రాసికొనువాడను. కావ్యములను గురుముఖమున గాక మన గ్రంథాలయపు బల్లపైననే చదివికొంటిని. దోషములున్నచో పెద్దలు మన్నింతురు గాక.

మన ప్రాచీనకావ్యములలో ప్రేమను గూర్చి స్త్రీ పలుకు పలుకులు బహుళముగా పురుషులు వ్రాసినవే. పెద్దన వరూధిని హిమవత్పర్వతమున ప్రవరుని కోరి భంగపడినది. తిమ్మన సత్యభామ పారిజాతపుష్పము కొఱకు అలిగి, పాదములకు మ్రొక్కిన కృష్ణుని ఎడమకాలితో తన్నినది. క్షేత్రయ్య పదములలోని నాయికలును అట్టివారే. భామాకలాపములో సత్యభామ జడ ధరించి పూర్వము ఆడినవాడును పురుషుడే గదా! వీనిని మనవారు రసమని మెచ్చిరి. మెచ్చదగినవే.

పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు నేలిన మరాఠా ప్రభువు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున ముద్దుపళని యను విదుషి యుండెను. ఆమె రచించినదే రాధికాసాంత్వనము. తాను పెంచిన ఇళను రాధ తానే కృష్ణునకిచ్చి పెండ్లి చేయును. కొత్తకోడలికి బుద్ధులు చెప్పును. పిల్ల సుకుమారి, మెల్లగా చూచుకొమ్మని కృష్ణునకును చెప్పును. పిమ్మట ఒంటిగా కూర్చుండి కుములును. పెంచిన చేతులతోనే ఇచ్చివేసి, ఇచ్చినందుకు ఓర్వలేకపోవుట! ఈ బాధ సత్యభామ అలుక వంటిది కాదు. పువ్వు తెచ్చి యిచ్చినంత మాత్రమున తీరునది కాదు. కృష్ణుడు వచ్చి ఆమెను ఓదార్చుటయే గ్రంథనామమునకు మూలము.

వీరేశలింగము పంతులుగారు స్త్రీవిద్యకు పాటుపడిన మహనీయులు. అయినను ఈ కావ్యమును, కవయిత్రిని ఆయన తీవ్రముగా నిందించిరి. బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో, పూర్వముద్రణమున లోపించిన పద్యములను చేర్చి, వావిళ్లవారిచే దీనిని ప్రకటింపించిరి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని పీఠికలో ఆమె నిలదీసిరి. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధిమందిరమును కట్టించిన నాగరత్నమ్మగారు ఈమెయే. 1911లో అశ్లీలమను నెపమున ప్రభుత్వము ప్రతులను పట్టుకొనినది. ఆ నిషేధము ప్రకాశం పంతులుగారి చొరవతో 1947లో గాని తొలగలేదు. 1952లో మరల అచ్చైనది.

ఇక మన ఊరి మాట. పదియేండ్ల క్రిందట ఒక చందాదారు కొనుగోలు జాబితాలో ఈ పేరు చేర్చిరి. ఆడవారును వచ్చు పఠనాలయమున ఇట్టి పుస్తకమేల యని దానిని కొట్టివేసినది నా కలమే. అప్పటికి నేనది చదువలేదు. ఆ యేడే పారిజాతాపహరణము రెండు ప్రతులు కొంటిమి. ఆ పద్దును నేనే వ్రాసితిని. మూడేండ్ల పిమ్మట బంధువుల యింట రాధికాసాంత్వనము చేతికి చిక్కగా ఒక రాత్రిలో చదివితిని. తరువాతి సమావేశమున నా తప్పు ఒప్పుకొని, కొనవలెనని నేనే ప్రతిపాదించితిని. బీరువాలో పెట్టి తాళము వేయుదమని కొందరనిరి. గంటసేపు వాదము జరిగిన మీదట తక్కిన కావ్యముల సరసనే ఉంచుటకు అందరును సమ్మతించిరి.

మొదట పట్టుకొని పోయినవారు అరువదియేండ్లు దాటిన ఒక అమ్మగారు. గడువు చెల్లినను తిరిగి ఈయలేదు. జరిమానా నేనే చెల్లించితిని. ఇప్పుడు ఆ ప్రతికి కుట్టు వదలినది. ఈ యేటి ఖర్చులో అట్ట కట్టించుటకు పద్దు వ్రాసియుంచితిని.